యూనిట్ ప్రైస్ డేటా సఫిషియెన్సీ డౌట్: రెండూ కలిపినా ఎందుకు సరిపోదు?

ప్రశ్న:
ఎంబీఏ ప్రవేశ పరీక్ష జీమ్యాట్‌కి ప్రిపేర్ అవుతున్నా. ఒక డేటా సఫిషియెన్సీ లెక్క (ఇచ్చిన సమాచారం జవాబు తేల్చడానికి చాలుతుందా అని అడిగేది) దగ్గర ఆగిపోయా. ఒకే పప్పు, చిన్న ప్యాకెట్ పెద్ద ప్యాకెట్, పెద్దదాంట్లో గ్రాము రేటు తక్కువ పడుతుందా అని ప్రశ్న. స్టేట్‌మెంట్ 1, పెద్దదాని ధర 20 రూపాయలు ఎక్కువ. స్టేట్‌మెంట్ 2, పెద్దదాంట్లో 100 గ్రాములు ఎక్కువ. విడివిడిగా చాలవు, అది ఓకే. కానీ కలిపితే అదనపు పప్పు గ్రాము 20 పైసలు అని తేలిపోయింది కదా, మరి ఆన్సర్ కీలో రెండూ కలిపినా చాలదు అని ఎందుకు ఇచ్చారు?

జవాబు 1:
నంబర్లు వేసి చూడు బ్రో. చిన్నది 500 గ్రాములు 150 రూపాయలు అనుకో, గ్రాము 30 పైసలు. పెద్దది 600 గ్రాములు 170, అంటే 28 పైసల చిల్లర, తక్కువే. ఇప్పుడు చిన్నది 500 గ్రాములు 50 రూపాయలే అనుకో, గ్రాము 10 పైసలు, పెద్దది 600కి 70, అంటే 11 పైసలు దాటింది. ఒకసారి అవును ఒకసారి కాదు వచ్చిందంటే డేటా చాలనట్టే.

జవాబు 2:
పైన చెప్పింది కరెక్ట్, కారణం కూడా పట్టుకుంటే ఇలాంటివన్నీ వచ్చేస్తాయి. పెద్ద ప్యాకెట్ అంటే చిన్న ప్యాకెట్‌లో గ్రాము 20 పైసల పప్పు ఇంకో 100 గ్రాములు కలిపినట్టు, కాబట్టి దాని సగటు రేటు ఎప్పుడూ చిన్నదాని రేటుకీ 20 పైసలకీ మధ్యలోనే ఉంటుంది. చిన్నదాని రేటు తెలియకుండా అది పెరిగిందో తగ్గిందో చెప్పలేం. అదే ధర 20 శాతం ఎక్కువ, బరువు 25 శాతం ఎక్కువ అని ఇచ్చి ఉంటే 1.20ని 1.25తో భాగిస్తే 0.96, రూపాయలు తెలియకపోయినా పెద్దదే చవక, రెండూ కలిపితే చాలు. తేడా రూపాయల్లో ఇచ్చాడా శాతాల్లో ఇచ్చాడా అన్నది ముందు చూడండి, ఈ లెక్కలు వచ్చే డేటా ఇన్‌సైట్స్ సెక్షన్‌లో 45 నిమిషాలకి 20 ప్రశ్నలు, క్యాలిక్యులేటర్ ఇస్తారు గానీ దీనికి దాని జోలికి వెళ్లడం టైమ్ వేస్ట్.

ప్రశ్న అడిగినవారు:
సూపర్ అండి! అయితే నా లెక్కలో చిన్నది గ్రాము 20 పైసల కన్నా ఎక్కువ అని ఇంకొక్క ముక్క ఇస్తే చాలన్నమాట?

జవాబు 2:
చాలు, అసలు ధర అక్కర్లేదు. కానీ గ్రాముకి ఎన్ని పైసలు తక్కువ అని అడిగితే మాత్రం ఆ ముక్కా చాలదు.