టిఫిన్ హోటల్ సమీక్షల కింద పార్టీల గొడవ: ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి?

ప్రశ్న: కోట జంక్షన్ వాసి, విజయనగరం

విజయనగరం, బొబ్బిలి, రాజాం ప్రాంతాల్లోని హోటళ్లు, టైలరు దుకాణాలు, మెకానిక్ షెడ్లు, ఆసుపత్రుల గురించి స్థానికులే అభిప్రాయాలు రాసుకునే చిన్న వెబ్‌సైటు ఒకదాన్ని మేం నలుగురు మిత్రులం తీరిక వేళల్లో నడుపుతున్నాం. ఇన్నాళ్లూ మాకు తలనొప్పి తెచ్చినవి దొంగ సమీక్షలే. ఇప్పుడు వాటిని మించిన సమస్య వచ్చిపడింది.

గంటస్తంభం వైపున్న ఒక టిఫిన్ హోటల్ గురించి ఈ మధ్య ఒకాయన ఇలా రాశారు: "పెసరట్టు అంచులు కరకరలాడుతూ వచ్చింది, అల్లం పచ్చడి మాత్రం నీళ్లగా ఉంది, ఎనిమిది దాటితే కూర్చోవడానికి చోటు దొరకదు." చదివినవాళ్లకు పనికొచ్చే సమీక్ష అంటే ఇదే. దాని కింద మరొకరు, గల్లాపెట్టె వెనక గోడకు ఫలానా నాయకుడి ఫొటో ఎందుకు పెట్టుకున్నారని అడిగారు. మూడో రోజుకు యాభై పైచిలుకు వ్యాఖ్యలు పోగయ్యాయి గాని, వాటిలో ఒక్కటీ ఆ హోటల్లో ఉప్మా ఎలా ఉంటుందో చెప్పదు.

మొదట పార్టీల పేర్లు, గుర్తులు ఉన్న వ్యాఖ్యలను దానంతటదే ఆపేసే ఏర్పాటు పెట్టాం. మన గుర్తులన్నీ ఇంట్లో వాడే వస్తువులే అన్న సంగతి మాకు అప్పుడు తట్టలేదు. "గదిలో ఫ్యాన్ తిరగడం లేదు" అని లాడ్జి మీద రాసిన ఫిర్యాదు, "గాజు గ్లాసులు సరిగా కడగలేదు" అన్న మాట, సైకిల్ రిపేరు షాపు మీద వచ్చిన సమీక్షలన్నీ ఆగిపోయాయి. అదే సమయంలో "ఇక్కడ గాలి ఎటు వీస్తే అటు తిరిగేవాళ్లకే మర్యాద" వంటి చురకలు నిక్షేపంగా లోపలికి వచ్చేశాయి. ఆ ఏర్పాటు తీసేసి చేత్తో తొలగించడం మొదలుపెడితే, రెండు పక్షాలవాళ్లూ మమ్మల్ని ఎదుటి పక్షానికి అమ్ముడుపోయారని తిడుతున్నారు. గీత ఎక్కడ గీయాలి? తొలగించినందుకు గాని, ఉంచినందుకు గాని చట్టపరంగా మా మీదకు ఏమైనా వస్తుందా?

జవాబు 1: పాత సబ్‌ఎడిటర్, శ్రీకాకుళం

పాఠకుల లేఖల శీర్షికను చాలా ఏళ్లు చూసినవాణ్ని కాబట్టి చెబుతున్నాను. మీరు "ఇది రాజకీయమా, కాదా" అనే ప్రశ్నతో మొదలుపెట్టారు, చిక్కంతా అక్కడే వచ్చింది. రాజకీయం అంటని విషయం మన జిల్లాల్లో ఏముంది కనుక? "రాసినాయన అక్కడికి వెళ్లాడా, వెళ్లి చూసినదాని గురించే చెబుతున్నాడా" అని అడిగి చూడండి, సగం వ్యాఖ్యలు వాటంతటవే తేలిపోతాయి.

ఉదాహరణకు "బస్టాండులో మరుగుదొడ్డి తలుపుకు గడియ లేదు, అయిదు రూపాయలు మాత్రం వసూలు చేస్తున్నారు" అన్నది, అధికారంలో ఎవరున్నా వాళ్లకు తగిలే మాటే అయినా, నిఖార్సయిన సమీక్ష. "వీళ్లు వచ్చాక రాష్ట్రమంతా ఇంతే" అన్నదానికి బస్టాండుతో సంబంధం లేదు. ప్రభుత్వ ఆసుపత్రి, రైతుబజారు, పార్కు వంటి చోట్ల విమర్శ సహజంగానే పాలకుల మీదికి వెళుతుంది కాబట్టి అక్కడ చెయ్యి కాస్త వదులుగా ఉంచండి. ప్రయివేటు టిఫిన్ హోటల్ విషయంలో అంత వదులు అక్కర్లేదు.

ఒకటి మాత్రం చేయకండి. మొదటి రెండు వాక్యాలు బాగున్నాయని ఉంచి మూడోది కోసెయ్యడం పత్రికలో చెల్లుతుందేమో గాని, మీ దగ్గర చెల్లదు. రాసినాయన పేరు కిందే ఉంటుంది, కోసింది మీరు. మొత్తం ఆపి, కారణం చెప్పి, ఆయన చేతే తిరగరాయించుకోండి. ఇంటిపేర్లు పట్టుకుని కులాన్ని సూచించే వ్యాఖ్యలకు మాత్రం ఈ మర్యాద అవసరం లేదు, కనిపించిన వెంటనే తీసెయ్యండి.

జవాబు 2: సాఫ్ట్‌వేర్ పని, ప్రస్తుతం విశాఖ

మాస్టారు చెప్పిన పరీక్షతో ఏకీభవిస్తూనే, దాన్ని అమలు చేయడం గురించి ఒక మాట కలుపుతాను. వ్యాఖ్యలు రోజుకు రెండో మూడో వచ్చేటప్పుడు ఒక్కొక్కటీ చదివి తేల్చవచ్చు గాని, గుంపుగా వచ్చిపడినప్పుడు అది కుదిరే పని కాదు. 2018 జూన్‌లో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం, లెక్సింగ్టన్ ఊళ్లో రెడ్ హెన్ అనే రెస్టారెంటు యజమానురాలు అప్పటి వైట్‌హౌస్ ప్రెస్ సెక్రటరీని బయటికి వెళ్లమని కోరారు. ఆ వార్త బయటికి రాగానే, అక్కడ ఏనాడూ భోంచేయనివాళ్లు యెల్ప్ అనే సమీక్షల సైటులో వేల కొద్దీ సమీక్షలు కుమ్మరించారు. ఆ రెస్టారెంటుతో ఏ సంబంధమూ లేని, వాషింగ్టన్‌లో అదే పేరుతో ఉన్న మరో హోటల్ కూడా తిట్లు తినవలసి వచ్చింది. ఇలాంటప్పుడు యెల్ప్ ఆ పేజీ మీద ఒక హెచ్చరిక పెట్టి, వార్తకు స్పందనగా వచ్చినవాటిని తర్వాత తొలగిస్తుంది.

మీరూ అలాగే చేయవచ్చు. ఒక పేజీకి ఒక్క రోజులో కొత్త ఖాతాల నుంచి పదికి మించి వ్యాఖ్యలు వస్తే, ఆ పేజీని మూడు నాలుగు రోజులు మూసి, ఎందుకు మూశారో పైన రెండు వాక్యాల్లో రాయండి. పదే ఎందుకంటే నా దగ్గర శాస్త్రమేమీ లేదు, మీ ఊరి రద్దీని బట్టి మార్చుకోండి. గూగుల్ మ్యాప్స్ కూడా ఆ చోట తమకు కలిగిన అనుభవం గురించే రాయాలని, సాధారణ రాజకీయ వ్యాఖ్యానానికి అది వేదిక కాదని తన నియమాల్లో స్పష్టంగా పెట్టింది. మన దేశంలోనూ వినియోగదారుల ఆన్‌లైన్ సమీక్షల సేకరణ, వడపోత, ప్రచురణ గురించి భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 19000:2022 అనే ప్రమాణాన్ని తెచ్చింది. అది 2022 నవంబరులో స్వచ్ఛంద ప్రమాణంగానే వచ్చింది గాని, మీ నియమాలు రాసుకునేటప్పుడు పక్కన పెట్టుకోదగినది.

జవాబు 3: జిల్లా కోర్టు ప్రాక్టీసు

మీ రెండో ప్రశ్నకు జవాబు. సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 79వ సెక్షన్ ఇతరులు రాసినదాన్ని చూపించే మీలాంటి మధ్యవర్తులకు షరతులతో కూడిన రక్షణ ఇస్తుంది. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు, ఆన్‌లైన్‌లో అభ్యంతరకర సందేశాలు పంపడాన్ని నేరంగా చూసే 66ఎ సెక్షన్‌ను కొట్టివేస్తూ, 79వ సెక్షన్ కింద చట్టవిరుద్ధమైన రాత గురించి మధ్యవర్తికి "తెలిసింది" అనాలంటే కోర్టు ఉత్తర్వో, ప్రభుత్వ నోటిఫికేషనో అందాలని వివరించింది. అంటే ఎవరో ఫోన్ చేసి "తీసెయ్యకపోతే చూస్తాం" అని బెదిరించినంత మాత్రాన మీ రక్షణ పోదు.

అయితే ఆ రక్షణకున్న షరతుల్లో, సమాచారాన్ని మీరు ఎంపిక చేయకూడదు, మార్చకూడదు అన్నది ఒకటి. పైన సబ్‌ఎడిటర్ గారు కోయవద్దన్నది మర్యాద కోసం చెప్పినా, చట్టం దృష్టిలోనూ అదే క్షేమం. ఆ చట్టం కింద మధ్యవర్తుల కోసం వచ్చిన 2021 నిబంధనల్లో నిషేధించిన రకాల సమాచారాన్ని మీ అంతట మీరు తొలగిస్తే, ఆ షరతును ఉల్లంఘించినట్లు కాదని అదే నిబంధనల్లో ఉంది. పార్టీల వాదన దానంతటది ఆ రకాల్లోకి రాదు కాబట్టి, "సందర్శనకు సంబంధం లేనివి తొలగిస్తాం" అని మీ వాడుక నియమాల్లో ముందే రాసి, ఖాతా తెరిచేటప్పుడే ఒప్పించుకోండి. ఫిర్యాదుల అధికారి పేరు, సంప్రదించే వివరాలు సైటులో కనిపించాలి. ఫిర్యాదు అందినట్లు 24 గంటల్లో తెలియజేయాలి. మీ నలుగురిలో ఆ పేరు ఎవరిదో ఈ వారమే తేల్చుకోండి.

జవాబు 4: బొబ్బిలి వీణ

అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు కాబట్టి రెండో వైపు నేను చెబుతాను. గోడ మీద ఫొటో సంగతి వదిలేద్దాం. కాని నేనొక చోట ఇడ్లీ తింటుండగా, యజమాని పక్కన కూర్చుని ఈసారి ఎవరికి ఓటు వేయాలో పావుగంట బోధించారు. సాంబారు చల్లారిపోయింది. దీన్ని నేను సమీక్షలో రాస్తే రాజకీయమని తీసేస్తారా? రేపు అక్కడికి వెళ్లేవారికి ఇది పచ్చడి రుచి కన్నా ముఖ్యమైన సంగతి కావచ్చు కదా.

తిరిగి కోట జంక్షన్ వాసి

వీణ గారూ, మీ అనుభవాన్ని తప్పకుండా ఉంచుతాం. మాస్టారి పరీక్షకు అది సరిగ్గా నిలుస్తుంది. ఆ బోధన విన్నది మీరు, అది జరిగింది అక్కడే.

మేం నలుగురం కూర్చుని పాత వ్యాఖ్యలను ఆ పరీక్షకు పెట్టి చూశాం. అన్నిటికన్నా తికమక పెట్టింది రాజాంలోని ఒక బట్టల దుకాణం పేజీ. చిరునామాలో శ్రీకాకుళం జిల్లా అని ఉంటే, 2022 ఏప్రిల్ 4 నుంచి రాజాం విజయనగరం జిల్లాలో ఉందని ఒకరు సరిదిద్దారు. అది అవసరమైన సవరణే. ఆ తర్వాత జిల్లాల విభజన మంచిదా, చెడ్డదా అంటూ అరవై వ్యాఖ్యలు నడిచాయి. సవరణను ఉంచాం, అరవైనీ తీశాం. మాలో ఒకడు మాత్రం, కలెక్టరాఫీసు పని మీద ఇప్పుడు ఎటు వెళ్లాలో చెప్పిన రెండింటిని ఉంచాలని చివరిదాకా పట్టుబట్టాడు. బట్టల దుకాణం పేజీలో అవి ఎందుకని మిగతా ముగ్గురం ఒప్పుకోలేదు. వాడింకా అలిగే ఉన్నాడు.

తొలగించిన ప్రతిదానికీ కారణం రాసి, రాసినవారికి పంపడం మొదలుపెట్టాం. ఫిర్యాదుల అధికారిగా నా పేరే పెట్టాం. లాడ్జిలో ఫ్యాన్ తిరగడం లేదని రాసినాయనకు క్షమాపణ చెప్పి సమీక్షను తిరిగి పెడితే, "ఇన్నాళ్లూ ఆ లాడ్జివాళ్లే మీతో తీయించారనుకున్నాను" అని జవాబిచ్చారు.