క్యాన్సర్ రీసెర్చ్ కోసం నెలంతా రోజుకి 10,000 అడుగులు, డబ్బులు ఎలా అడగాలి?

వెన్నెల:
హాయ్ అండీ, వచ్చే నెలంతా రోజుకి 10,000 అడుగులు నడిచి క్యాన్సర్ రీసెర్చ్‌కి డబ్బు పోగుచేసే ఛాలెంజ్‌కి పేరిచ్చాను. మా పిన్నికి సీఎంఎల్, అదే బ్లడ్ క్యాన్సర్‌లో ఒక రకం, రోజూ ఒక మాత్ర వేసుకుని తన పనులు తనే చేసుకుంటోంది, ఆ మాత్రే లేకపోయుంటే ఏమయ్యేదో అనిపించి వెంటనే పేరిచ్చేశా. నాది పొద్దస్తమానం కూర్చునే ఉద్యోగం, నడక అలవాటు లేదు. కాళ్ళు పాడవకుండా నెలంతా ఎలా లాగాలి? అంతకన్నా కష్టం, డబ్బులడగడానికి నాకు నోరు రావట్లేదు, మీరంతా ఎలా అడిగారు?

నడకరాయుడు:
10,000 అంటే దాదాపు 7 కిలోమీటర్లు, గంట పైనే పడుతుంది, ఒకేసారి నడవక్కర్లేదు, పొద్దున కొంత, భోజనమయ్యాక కొంత, సాయంత్రం మిగతాది. ఇప్పుడు మామూలుగా రోజుకి ఎన్ని పడుతున్నాయో ఫోన్‌లో చూసుకుని అక్కణ్ణుంచి వారం వారం కొంచెం పెంచుకుంటూ పోండి. ఛాలెంజ్ మొదటిరోజే కొత్త షూస్ వేసుకోవద్దు. నడిచేకొద్దీ పాదం ఉబ్బుతుంది కాబట్టి వేళ్ళ ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. కాటన్ సాక్స్ చెమట పీల్చుకుని తడిగానే ఉండిపోతాయి, తడిచర్మం మీద రాపిడి పడితే బొబ్బలే. మడమ దగ్గర చురుక్కుమనగానే అక్కడే ఆగి టేప్ వేసేయండి, ఇంటికెళ్ళాక చూద్దాంలే అనుకుంటే ఈలోపే బొబ్బ లేస్తుంది.

శ్రావణమేఘం:
నేను డబ్బుల సంగతి చెప్తా. ముందు డబ్బు పోగుచేసే మీ ఆన్‌లైన్ పేజీలో మీరే ఎంతో కొంత వేయండి, సున్నా ఉన్న పేజీలో మొదట వేయడానికి ఎవరికైనా మొహమాటమే. గ్రూప్‌లో లింక్ పడేసి ఊరుకోవద్దు, అందరూ చూస్తారు, ఎవరో ఒకరు ఇస్తార్లే అనుకుంటారు. ఒక్కొక్కరికీ పేరు పెట్టి విడిగా రాయండి, "అన్నా, క్యాన్సర్ రీసెర్చ్ కోసం ఈ నెలంతా నడుస్తున్నా, మా ఇంట్లో ఒకరు అలా రీసెర్చ్‌లో వచ్చిన మందుతోనే బాగున్నారు, నీకు వీలైనంత ఇస్తావా" అని, అంతే చాలు. మీరు అడిగేది మీకోసం కాదు కదా, నోరు ఎందుకు రాదు వెన్నెల గారూ! కాకపోతే పిన్ని గారి జబ్బు గురించి రాసేముందు ఆవిణ్ణి అడగండి, ఇది మాత్రం మర్చిపోవద్దు. డబ్బు నేరుగా సంస్థ ఖాతాకే వెళ్ళేలా, ఇచ్చినవాళ్ళకి రసీదు వచ్చేలా చూసుకోండి.

తూర్పుగాలి:
పిన్ని గారి సంగతి చదివాక ఇది చెప్పకుండా ఉండలేకపోతున్నా. సీఎంఎల్ ఉన్నవాళ్ళ రక్తకణాల్లో ఒక క్రోమోజోమ్ తేడాగా ఉందని ఫిలడెల్ఫియాలో ఇద్దరు సైంటిస్టులు 1960లో బయటపెట్టారు, ఆ తేడా వల్ల పుట్టే ప్రోటీన్‌ని అడ్డుకునే ఇమాటినిబ్ మాత్రకి అమెరికాలో అనుమతి వచ్చింది 2001లో. మధ్యలో 40 ఏళ్ళు! అన్నేళ్ళూ ల్యాబులు నడవాలంటే డబ్బు ఆగకుండా వస్తుండాలి, అందుకే మనం పోగుచేసేది చిన్నమొత్తమే కదా అని తీసిపారేస్తే నాకు బాధేస్తుంది. కెనడాలో టెర్రీ ఫాక్స్ ఎముక క్యాన్సర్‌తో ఒక కాలు పోయాక కృత్రిమ కాలుతో 1980లో 5,373 కిలోమీటర్లు పరుగెత్తాడు, ఊపిరితిత్తులకి పాకడంతో ఆగాల్సొచ్చింది, 22 ఏళ్ళకే పోయాడు. దేశంలో మనిషికో డాలర్ చొప్పున రావాలన్నది అతని కోరిక, అది అతను బతికుండగానే తీరింది, 2.4 కోట్ల డాలర్లు దాటాయి. అందులో జనం తలా కొంత వేసినవి ఎన్నో.

వెన్నెల:
అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. పిన్నిని అడిగా, రాయమంది, పేరు మాత్రం వద్దంది. ఈ రాత్రికే నావంతు వేసి పేజీ మొదలెడుతున్నా, రేపు మొదటి మెసేజ్ మా మేనేజర్‌కే.