సిగరెట్ పెట్టె రంగు తీసేస్తే తాగేవాళ్లకు తేడా పడుతుందా?

కొట్టుమనిషి

సిగరెట్ పెట్టెలన్నీ ఒకే రంగులో ఉండాలి, కంపెనీ గుర్తులు ఉండకూడదు, పేరు కూడా మామూలు అక్షరాల్లో చిన్నగా ఉండాలి అని కొందరు అడుగుతున్నారు. దానివల్ల ఒరిగేదేమీ లేదు, ఎవడూ పెట్టె చూసి తాగడు అని ఇంకొందరు. గల్లా వెనక కూర్చుని ఏళ్లుగా సిగరెట్లు అమ్ముతున్నవాణ్ణి. తాగేవాడు పెట్టె చూస్తాడండీ. తను అనుకునేదానికంటే ఎక్కువే చూస్తాడు.

పెట్టె మూల కాస్త నలిగిందంటే తీసుకోరు. లోపల సిగరెట్లకేమీ కాలేదన్నా వినరు. కంపెనీవాళ్లు పెట్టె మీద ఒక గీత సన్నం చేసినా, ఎరుపు కాస్త ముదురు చేసినా, కొన్నాళ్లపాటు "ఇది నకిలీ సరుకేమో, రుచి మారింది" అంటూ వెనక్కి తెచ్చేవాళ్లు ఉంటారు. గొంతు పుండు బొమ్మ ఉన్నది చేతికిస్తే "అది వద్దు, వేరే బొమ్మది ఇవ్వండి" అంటారు. గర్భిణుల గురించిన హెచ్చరిక ఉన్నదాన్ని ఏరి మరీ తీసుకునే మగవాళ్లున్నారు, అది తమకు వర్తించదని. డబ్బులిచ్చాక బొమ్మ కిందికి వచ్చేలా తిప్పి జేబులో పెట్టుకునేవాళ్లయితే లెక్కలేదు. కుర్రవాళ్లు సన్నటి పొడుగు పెట్టె అడుగుతారు, ఫోను పక్కన బల్ల మీద పెట్టుకోవడానికి.

ఇవన్నీ ఒక ఎత్తు. నన్ను నిజంగా కలవరపెట్టేది వేరే ఉంది. ఎన్నాళ్లుగానో ముదురు ఎరుపు పెట్టె కొనే మనిషి ఒకరోజు దగ్గుతూ వస్తాడు. డాక్టరు మానేయమన్నాడనో, ఇంట్లో గొడవైందనో చెప్తాడు. ఆ మాట అంటూనే అదే కంపెనీవాళ్ల తెల్ల పెట్టె వైపో వెండి రంగు పెట్టె వైపో చెయ్యి చూపిస్తాడు. "కొంచెం తేలికది ఇవ్వండి." ఆ రోజు మానేయాల్సిన మనిషి రంగు మార్చుకుని వెళ్లిపోతాడు. నేను అమ్ముతాను, అది నా వ్యాపారం. కానీ ఆ తెలుపు అతనికి చెప్పింది అబద్ధం. అందుకే రంగులు పోవాలంటున్నాను.

రోజుకోపెట్టె

అన్నా, నేను తాగేవాణ్ణి, నా మాట కూడా వినండి. ఒకే బ్రాండు, ఒకే రకం, కాలేజీ రోజుల నుంచి. కళ్లకు గంతలు కట్టి ఇచ్చినా చెప్పేస్తాను నాదేదో. పెట్టె గోధుమ రంగులో వచ్చినా, నల్లగా వచ్చినా అదే కొంటాను. ఆ కుళ్లిన పళ్ల బొమ్మలు మొదట్లో చిరాకు పెట్టాయి, తర్వాత అలవాటైపోయాయి. ఇప్పుడు స్టీలు డబ్బాలో పోసుకుని తిరుగుతున్నాను. మా చేత మాన్పించాలంటే సరిగ్గా సాయం చేయండి, మాత్రలివ్వండి, మాట్లాడేవాళ్లను పెట్టండి. రంగులు తీసేసి మమ్మల్ని చిన్నపిల్లల్లా చూడటం దేనికి?

కొట్టుమనిషి

తమ్ముడూ, అలవాటైపోయాయి అంటున్నావు, మరి స్టీలు డబ్బా దేనికి? తగాదాకి అడగట్లేదు. ఆ బొమ్మ ఏమీ చేయకపోతే దాన్ని దాచాల్సిన పని ఉండదు కదా.

రుచి సంగతికొస్తే, ఆస్ట్రేలియాలో 2012 డిసెంబర్ 1 నుంచి అన్ని పెట్టెలూ ఒకే ముదురు గోధుమ రంగులోకి మారాయి. ముందు వైపు 75 శాతం, వెనక 90 శాతం హెచ్చరికే. దానికి కాస్త ముందు, పాత పెట్టెలూ కొత్త పెట్టెలూ కలిసి అమ్ముడవుతున్న రోజుల్లో విక్టోరియా రాష్ట్రంలో తాగేవాళ్లను అడిగి చూశారు. కొత్త పెట్టెలోంచి తాగుతున్నవాళ్లు, ఏడాది కిందటితో పోలిస్తే సిగరెట్ నాణ్యత తగ్గిందని, తృప్తి తగ్గిందని ఎక్కువగా చెప్పారు. మారింది పైన అట్ట. నా దగ్గరికి 'రుచి మారింది' అని వెనక్కి తెచ్చేవాళ్లు చెప్పేదీ అదే మాట.

లెక్కలబాబు

కొట్టుమనిషి గారూ, మీ అనుభవాన్ని కాదనను. కానీ విధానాన్ని అనుభవం మీద నిలబెట్టలేం. ఆస్ట్రేలియా ప్రభుత్వమే 2016లో సమీక్ష బయటపెట్టింది. కొత్త పెట్టెలకు ముందు 34 నెలల్లో సగటున 19.4 శాతం మంది తాగేవాళ్లుంటే, తర్వాతి 34 నెలల్లో 17.2 శాతం. తగ్గిన 2.2లో పెట్టె మార్పుల వల్ల తగ్గింది 0.55 అని వాళ్ల అంచనా. అంటే నాలుగో వంతు. మిగతాది వేరే కారణాల వల్ల, ముఖ్యంగా పన్ను. 2013 డిసెంబర్ నుంచి ఏటా 12.5 శాతం చొప్పున పన్ను పెంచుకుంటూ పోయారు. ఆ 0.55లో కూడా పెద్దవైన హెచ్చరిక బొమ్మల వాటా ఉంది, ఉత్త రంగు తీసేయడం వల్ల ఎంతో విడదీసి చెప్పలేదు.

ఇంకోటి. ఇప్పుడు అక్కడ దొంగ సరుకు వ్యాపారం ఎంత పెరిగిందో చూడండి. మెల్‌బోర్న్‌లో పొగాకు దుకాణాలు తగలబెట్టుకునే దాకా వెళ్లింది. చట్టబద్ధమైన సరుకుకు ముఖం లేకుండా చేస్తే, ముఖం ఉన్న దొంగ సరుకే ఆకర్షణగా కనిపిస్తుంది.

మానేశాక

లెక్కలబాబు గారూ, లక్షల మంది తాగే దేశంలో 0.55 శాతం అంటే ఎంతమంది మనుషులో ఒకసారి లెక్కేయండి, మీకే తెలుస్తుంది. దొంగ సరుకు పెరగడానికి మీరు పైన చెప్పిన పన్నే పెద్ద కారణం. సగం ధరకు దొరికితే కొంటారు, పెట్టె అందంగా ఉందని కాదు.

నేనిక్కడ రాస్తున్నది మాత్రం తెల్ల పెట్టె గురించి. ఆ దగ్గుతూ వచ్చిన మనిషి లాంటివాణ్ణే నేను. ఎరుపు నుంచి నీలం, నీలం నుంచి వెండి. ప్రతి మార్పూ మానడానికి ఒక మెట్టు అనుకున్నాను. ఆ 'తేలిక' సిగరెట్ ఫిల్టర్ చుట్టూ కంటికి కనిపించనంత చిన్న రంధ్రాలుంటాయి. యంత్రంతో పీల్చి కొలిస్తే వాటిలోంచి గాలి కలిసి, పొగలో ఉండే తారు తక్కువగా చూపిస్తుంది. మనిషి యంత్రం కాదు. నికోటిన్ చాలకపోతే దమ్ము లోతుగా లాగుతాడు, ఇంకోటి వెలిగిస్తాడు, వేళ్లతోనో పెదాలతోనో ఆ రంధ్రాలు మూసేస్తాడు. ఊపిరితిత్తులకు దక్కేది దాదాపు అంతే.

'లైట్', 'మైల్డ్' అన్న మాటలు ఐరోపా సమాఖ్యలో 2003లో, అమెరికాలో 2010లో నిషేధించారు. అప్పుడేమైంది? 'మార్ల్‌బొరో లైట్స్' కాస్తా 'మార్ల్‌బొరో గోల్డ్' అయింది. మాట పోయింది, దాని పని రంగుకు అప్పగించారు. కొనేవాళ్లకు ఏమీ చెప్పక్కర్లేకపోయింది, రంగు చూసి అడిగారు. ఇంత జరిగాక కూడా రంగు ఉత్త అలంకారం అంటే నేను ఒప్పుకోను.

రోజుకోపెట్టె

రంధ్రాల సంగతి నాకు తెలియదు. నాది ఎరుపే కాబట్టి నాకు సంబంధించలేదు కూడా. అయినా పెట్టె ఒక్కటే బ్రాండును నిలబెడుతుందంటే నమ్మలేను.

కొట్టుమనిషి

మార్ల్‌బొరో సంగతి చూడు తమ్ముడూ. 1920ల్లో దాన్ని ఆడవాళ్ల సిగరెట్‌గా, మెత్తనిదిగా అమ్మారు. 1950ల మధ్యలో ఫిల్టర్ పెట్టి, ఎరుపు తెలుపుల గట్టి పెట్టెకు తెరిచి మూసే మూత పెట్టి, కౌబాయ్‌ల ప్రకటనలతో మగవాళ్ల సిగరెట్ చేసేశారు. అదే పేరు! పెట్టె ఒక్కటే చేసిందని నేననను. కానీ ఆ మూత తీసి సిగరెట్ అందుకునే ప్రతిసారీ చుట్టూ ఉన్న నలుగురూ ఆ ఎరుపును చూస్తారు. టీవీలో ప్రకటన ఆపేసినా తాగేవాడి చేతిలో ప్రకటన ఆగదు.

ఆస్ట్రేలియా పెట్టెల గోధుమ రంగును కూడా ఊరికే ఎంచలేదు. తాగేవాళ్లకే రకరకాల రంగులు చూపించి, ఎక్కువమందికి ఏమాత్రం నచ్చనిదాన్ని తీసుకున్నారు. మొదట దాన్ని ఆలివ్ ఆకుపచ్చ అని పిలిస్తే, అక్కడి ఆలివ్ రైతుల సంఘం మా పంట పరువు పోతుందని అభ్యంతరం చెప్పింది, ఆ పేరు మానేశారు. రంగుకు అమ్మకంతో సంబంధం ఉందని ఆ రైతులకు బాగా తెలుసు.

విడిసిగరెట్

ఒక మాట అడుగుతాను, ఎవరూ దీని గురించి రాయలేదు. నేను పెట్టె కొనను. ఒకటీ రెండూ విడిగా కొంటాను. పెట్టె కొట్టువాడి దగ్గరే ఉంటుంది, దాని మీద ఏ బొమ్మ ఉందో నాకెప్పుడూ కనిపించదు. భారతదేశంలో 2016 ఏప్రిల్ నుంచి పెట్టెకు రెండు వైపులా 85 శాతం హెచ్చరికే అని చదివాను. 85 కాదు, నూరు శాతం చేసినా నాలాంటివాళ్ల దగ్గరికి ఎలా వస్తుంది?

మానేశాక

మంచి ప్రశ్న. కెనడా దీనికే దారి చూపించింది. 2023 ఆగస్టులో అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం ఒక్కో సిగరెట్ మీదే, ఫిల్టర్ దగ్గర కాగితం మీద హెచ్చరిక అచ్చువేయాలి. 'ప్రతి దమ్ములోనూ విషం' అని ఉంటుంది ఒకదాని మీద. నోట్లో పెట్టుకునే చోటే రాసి ఉంటుంది కాబట్టి పెట్టెతో పని లేదు. ఆస్ట్రేలియాలో కూడా 2025 నుంచి ఇలాగే వస్తున్నాయి.

లెక్కలబాబు

విడి సిగరెట్ మీద హెచ్చరికకు నేను అడ్డు చెప్పను. నా అభ్యంతరం ఒకే చోట ఉంది. పెట్టె మార్పు గురించి ఇంత శక్తి ఖర్చుపెడితే, పన్ను గురించీ మానేవాళ్లకు సాయం గురించీ అడిగేవాళ్లు తగ్గిపోతారు. రోజుకోపెట్టె అడిగిన మాత్రలూ మాట్లాడేవాళ్లూ ఎక్కడ?

కొట్టుమనిషి

ఆ రెండూ ఒకదానికొకటి పోటీ కాదండీ. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్‌లో కొత్త పెట్టెలు రాగానే మానడానికి సాయం చేసే ఫోన్ లైనుకు కాల్స్ 78 శాతం పెరిగాయి. నంబరు పెట్టె మీదే ఉంటుంది. బొమ్మ వెనక్కి నెడుతుంది, నంబరు ఎటు వెళ్లాలో చెబుతుంది.

మీ మాటలో ఒకటి మాత్రం పట్టుకుంటాను, ఏది ముందు అన్నది. నన్నడిగితే బొమ్మ ఇంకెంత పెద్దది చేయాలి అన్నదానికంటే ముందు రకాల సంగతి తేల్చాలి. ఉరుగ్వే 2009 నుంచి ఒక బ్రాండుకు ఒకే రకం అని నియమం పెట్టింది. ఎరుపు ఉంటే ఎరుపే, దాని పక్కన నీలం, వెండి అమ్మకూడదు. మార్ల్‌బొరో అమ్మే ఫిలిప్ మోరిస్ కంపెనీ దీని మీద అంతర్జాతీయ మధ్యవర్తిత్వానికి వెళ్లింది, 2016లో ఉరుగ్వే గెలిచింది. పెట్టెలు గోధుమ రంగులో ఉన్న ఆస్ట్రేలియాలో కూడా పేరు పక్కన 'బ్లూ', 'గోల్డ్' అని అక్షరాల్లో రాసి చాలా ఏళ్లు అమ్మారు. ఆ మాటలను కూడా తీసేసే చట్టం 2023లో గానీ రాలేదు.

నా గల్లా దగ్గరికి దగ్గుతూ వచ్చి తెల్ల పెట్టె చూపించే మనిషికి, అటువైపు చూపించడానికి ఏమీ లేకుండా చేయాలి. పాతదే కొనడమో, మానడమో, ఆ రెండే అతని ముందుండాలి. నా అమ్మకం తగ్గుతుందా అంటే తగ్గుతుంది. పర్వాలేదు, ఆ అర మీద వేరే సరుకు పెట్టుకుంటాను.