ఘాట్‌లో పికప్ లేదు, ప్రెషర్ రెగ్యులేటర్ మార్చాలా?

అలిపిరి బండి:
2004 పెట్రోల్ కారు, ఎంపీఎఫ్ఐ (ప్రతి సిలిండర్‌కూ పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ ఉండేది), ఎక్కువైన పెట్రోలు ట్యాంకుకు వెళ్లే రిటర్న్ పైపు ఉన్న రకం. తిరుపతి ఊళ్లో బాగానే తిరుగుతుంది. నలుగురితో కొండెక్కేటప్పుడు సెకండ్ గేర్‌లో తొక్కినా లాగదు, జర్కులు. పైన అరగంట ఆపి తీస్తే సెల్ఫ్ ఏడెనిమిది సెకన్లు కొట్టాలి. మెకానిక్ రెగ్యులేటర్ పోయిందంటున్నాడు. అదేనా?

రేణిగుంట రోడ్డు:
మార్చే ముందు పెట్రోలు ప్రెషర్ కొలిచే గేజీ పెట్టించన్నా. ప్రెషర్ పుట్టించేది పంపు. రెగ్యులేటర్ ఎక్కువైన పెట్రోలును ట్యాంకుకు వదిలేస్తుంది, అంతే. లోపల డయాఫ్రం (పల్చటి పొర), దాని వెనక స్ప్రింగు. ఆ వైపుకే మ్యానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టం) నుంచి సన్న ట్యూబు. ఐడిలింగ్‌లో మ్యానిఫోల్డ్‌లోని వ్యాక్యూమ్ డయాఫ్రంను లాగి పెట్రోలును ఎక్కువ వదిలిస్తుంది కాబట్టి రైల్‌లో (ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే పైపు) 2.4 బార్ దాకా ఉంటుంది. ఫుల్‌గా తొక్కితే వ్యాక్యూమ్ పోయి 3 బార్. (చాలా బండ్లలో ఇంతే, మీ మాన్యువల్ అంకె చూసుకోండి.) రైల్‌కీ మ్యానిఫోల్డ్‌కీ తేడా మాత్రం మారదు. అందుకే ఇంజెక్టర్ ఎంతసేపు తెరవాలన్న లెక్కతోనే ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) పెట్రోలు కొలవగలుగుతుంది.

ఐడిలింగ్‌లో ఆ ట్యూబు పీకండి. ముల్లు అర బార్ పైకి లేవాలి. ట్యూబు లోపల పెట్రోలు తడి ఉంటే డయాఫ్రం చిరిగినట్టే, ఇంకేం చూడక్కర్లేదు. పొడిగా ఉండి ప్రెషర్ తక్కువుంటే రిటర్న్ రబ్బరు పైపును ఒక్క క్షణం వత్తండి. ముల్లు చటుక్కున లేస్తే తప్పు రెగ్యులేటర్‌ది. లేవకపోతే ఫిల్టరో పంపో. వత్తి పట్టుకోవద్దు, క్లిప్పు జారితే వేడి ఇంజిన్ మీద పెట్రోలే.

చిత్తూరు బైపాస్:
ఊళ్లో బాగుండి ఎక్కుడులోనే చస్తోందంటే నా అనుమానం ఫిల్టరు మీదే. ఐడిలింగ్‌లో ప్రెషర్ సరిగ్గా చూపించినా మోసపోవద్దు, అప్పుడు ఇంజిన్ తాగేది చుక్కలే. రిటర్న్ పైపును డబ్బాలో పెట్టి కొలవండి: 30 సెకన్లలో అర లీటరైనా రావాలి. తక్కువొస్తే పంపు కనెక్టర్ దగ్గర వోల్టేజీ కూడా చూడండి.

వేడి స్టార్టింగు వేరే జబ్బు. ఇంజిన్ ఆపగానే, పంపు నుంచి వచ్చే పైపు వత్తండి: ప్రెషర్ నిలిస్తే పంపులోని చెక్ వాల్వు (పెట్రోలు వెనక్కి పోకుండా ఆపేది) లీకు. రిటర్న్ వత్తితే నిలిస్తే రెగ్యులేటర్ సీటు. రెండింటికీ నిలవకపోతే ఇంజెక్టర్ కారుతోంది.

అలిపిరి బండి:
ట్యూబు పొడిగానే ఉంది. ముందు ఫిల్టరు మారుస్తా. ప్రెషర్ వదలాలా?

రేణిగుంట రోడ్డు:
తప్పకుండా. పంపు ఫ్యూజు పీకి, ఇంజిన్ తనంతట ఆగేదాకా నడపండి. తర్వాత గుడ్డ చుట్టి యూనియన్ (పైపు జాయింటు) వదులు చేయండి. కొత్త ఫిల్టరు బాణం ఇంజిన్ వైపు ఉండాలి.