అప్‌డేట్: ఆల్‌ఫ్రిస్టన్ పాత ఇంట్లో పొగ ఎటు పోయేది?

ఇంగ్లండ్‌లో, ససెక్స్‌లోని ఆల్‌ఫ్రిస్టన్ క్లెర్జీ హౌస్ అనే పాత ఇంటికి మొదట్లో పొగగొట్టం లేదంటే, మరి పొగ ఎటు పోయేదని అడిగాను కదా. నిన్న వెళ్లి చూసొచ్చాను. పొగ కప్పులోంచే పోయేదని మీరు చెప్పిందే నిజం. 14వ శతాబ్దపు ఇల్లు, నడిమి హాలుకి పైఅంతస్తు లేదు, మంట నేల మధ్యలోనే. పొగ కప్పు దాకా లేచి మెల్లగా బయటపడేది. రెండు చివర్లూ మాత్రం రెండంతస్తులు, అన్నిటికీ కలిపి ఒకటే గడ్డికప్పు.

నాకైతే నేలే నచ్చింది. సుద్దరాయి దంచి పరిచి, పులిసిన పాలతో గట్టిపరిచారట! వంగి తడిమి చూశా, నున్నగా, చల్లగా ఉంది. అమ్మమ్మ పేడతో అలికే అరుగు గుర్తొచ్చింది.

అన్నట్టు, 1896లో పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ దీన్ని 10 పౌండ్లకే కొంది. వాళ్లు కొన్న మొదటి కట్టడం ఇదే. మరమ్మతులకే అంతకు ఎన్నో రెట్లు అయింది.