అప్‌డేట్: తమ్ముడు అగ్నివీర్‌గా చేరాక మా ఇల్లు

తమ్ముడు సైన్యంలో అగ్నివీర్‌గా (నాలుగేళ్ల సిపాయి ఉద్యోగం) చేరాడని నాన్న వాడితో మాట మానేశారు, ఏం చేయాలని ఇక్కడ అడిగాను. ‘నాలుగేళ్లయ్యాక నూటికి 25 మందికి మించి ఉంచుకోరు, తర్వాత?’ అన్నది ఆయన వాదన. అది ఇప్పటికీ మారలేదు, తప్పని నేనూ అనను.

2025 మేలో ఆపరేషన్ సిందూర్ నాటికి వాడు జమ్మూ వైపు ఉన్నాడు. ఫోను కలవలేదు. యుద్ధం మీద టీవీ చర్చలంటే చెవి కోసుకునే నాన్న, ఆ రోజుల్లో శబ్దం పూర్తిగా తగ్గించి కింద నడిచే అక్షరాలు మాత్రమే చదివేవారు. ఎదురింటాయన ‘ఈసారి లాహోర్ దాకా పోవాలండీ’ అంటే, ‘మీ అబ్బాయిని ఎప్పుడు పంపిస్తున్నారు?’ అని అడిగేశారు. నాన్న నోట అంత కటువు మాట ఎన్నడూ వినలేదు. 10న కాల్పులు ఆగాయి. ఆ తర్వాత వాడి ఫోను వస్తే ముందు ఎత్తింది నాన్నే.

ఇక బంధువులు. ‘కాంట్రాక్టు సిపాయి’ అన్న పిన్ని ఇప్పుడు వాడి చేత మిలిటరీ క్యాంటీన్‌లో మిక్సీ కొనిపించమంటోంది. సంబంధం చూడమంటే మాత్రం, ఆ నాలుగేళ్లూ గడవనీ అంటోంది.