మినియాపోలిస్ కోసం ప్రార్థించాం, మిర్యాలగూడ కోసం ఎందుకు ప్రార్థించలేదు?

దేవరకొండ మాస్టారు:
2020లో మినియాపోలిస్‌లో ఒక పోలీసు జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద మోకాలు పెట్టి చంపినప్పుడు మా చర్చిలో ప్రత్యేక ప్రార్థన జరిగింది. పాస్టరు గారు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. అంతకు రెండేళ్ల ముందు, 2018 సెప్టెంబరులో, మిర్యాలగూడలో గర్భిణి అయిన భార్యతో ఆసుపత్రి నుంచి బయటికి వస్తున్న దళిత క్రైస్తవ యువకుణ్ని, కులాంతర పెళ్లి చేసుకున్నందుకు, పట్టపగలు నరికి చంపారు. ఆ ఆదివారం మా చర్చిలో ఒక్క మాట లేదు. అడిగితే ‘అది కోర్టు చూసుకుంటుంది’ అన్నారు. మిర్యాలగూడ మాకు పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి తిరిగి రాగల దూరం. రంగు పేరుతో, కులం పేరుతో మనిషిని తక్కువ చేస్తుంటే నోరు విప్పడం దేవుణ్ని నమ్మేవాడి బాధ్యతా, కాదా? సూటిగా చెప్పండి.

వనపర్తి భక్తుడు:
కాదు మాస్టారూ. గుడికి వెళ్లేది కాసేపు మనసు కుదుటపడటానికి. అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణం రద్దు చేసింది, 1989 నుంచి అట్రాసిటీ చట్టం ఉంది. ఆ పని పోలీసులది, కోర్టులది. పైగా పల్లెటూరి పూజారి పొట్ట ఊరి పెద్దల చేతిలో ఉంటుంది. ఈ రోజు మాట్లాడితే రేపటి నుంచి ఆ ఇంటికి బియ్యం రావు. ఇంకో మాట. గుడి మైకులో న్యాయం మాట్లాడటం అలవాటైతే, అదే మైకులో పక్క మతం మీద విషం కక్కేవాడు రావడానికి ఎంతో కాలం పట్టదు.

గద్వాల వకీలు:
మైకు గురించి మీరన్నది కొట్టిపారేయలేను. కానీ మతం ఇంతకాలం నోరు మూసుకుని కూర్చుందని మీరెలా అనుకుంటున్నారు? దక్షిణాఫ్రికాలో తెల్లవారి డచ్ సంస్కరణ చర్చి బైబిలునే చూపించి జాతి విభజనను సమర్థించింది. దాన్ని ఖండించినవారూ మతం మనుషులే. 1982లో ఒట్టావాలో సమావేశమైన ప్రపంచ సంస్కరణ చర్చిల కూటమి, ఆ సమర్థన మతానికే విరుద్ధమని తేల్చి అక్కడి రెండు తెల్లవారి చర్చిల సభ్యత్వాన్ని నిలిపివేసింది. బిషప్ టుటు లాంటివారు వీధుల్లో నిలబడ్డారు. అమెరికాలో 1963లో బర్మింగ్‌హామ్ జైలు నుంచి మార్టిన్ లూథర్ కింగ్ రాసిన లేఖ ఎవరికి జవాబు? ‘వీధుల్లోకి రావద్దు, కోర్టుల్లో తేల్చుకోండి’ అని ప్రకటన ఇచ్చిన ఎనిమిది మంది మతపెద్దలకు. మీరిప్పుడు చెప్పింది అరవై ఏళ్ల నాటి ఆ ప్రకటనే.

2017 ఫిబ్రవరిలో కాన్సాస్‌లో ‘మా దేశం నుంచి పొండి’ అని అరుస్తూ ఒకడు మన తెలుగు ఇంజినీరును కాల్చి చంపాడు. అడ్డుకోబోయిన అమెరికన్ యువకుడికీ తూటాలు తగిలాయి. అప్పుడు అక్కడి చర్చిలు ‘పోలీసులు చూసుకుంటారు’ అని ఊరుకుంటే మీకు బాగుండేదా?

వనపర్తి భక్తుడు:
బాగుండేది కాదు. ఒప్పుకుంటాను. అయితే మావాళ్లెవరూ మాట్లాడలేదనకండి. 2018 ఏప్రిల్‌లో చిలుకూరు బాలాజీ గుడి అర్చకులు రంగరాజన్ గారు ఒక దళిత భక్తుణ్ని భుజాల మీద ఎక్కించుకుని జియాగూడ రంగనాథుడి గుడిలోకి తీసుకెళ్లారు. అంటరానివాడని దూరం పెట్టిన తిరుప్పాణాళ్వారును అర్చకుడే భుజాల మీద గుడిలోకి మోసుకెళ్లిన పాత కథను కళ్ల ముందు చూపించారు.

కురుమూర్తి దారిన:
ఆయన పెద్ద మనసుకు దండం. కానీ మమ్మల్ని ఎవరూ మోయనక్కర్లేదన్నా, నడిచి వెళ్తే ఎవరూ అడ్డుపడకపోతే చాలు. కురుమూర్తి జాతర చూశారు కదా? స్వామి ఉద్దాలు కుట్టేది వడ్డెమాన్‌లో మావాళ్లు. ఆ చెప్పులను ఊరేగిస్తుంటే ఒక్కసారి తాకితే చాలని పెద్ద పెద్ద వాళ్లు ఎగబడతారు. ఆ తోలు పవిత్రం. కుట్టిన చేతులతో మంచినీళ్లు ఇస్తే తాగడానికి మా ఊళ్లో ఇప్పటికీ తటపటాయించే ఇళ్లున్నాయి. ఈ సంగతి ఉద్దాలు వచ్చిన రోజున, అంత జనం ముందు ఒక్క పెద్దమనిషి ఎందుకు అడగడు? మాకు ఉపన్యాసం వద్దు. ఆ ఒక్క ప్రశ్న చాలు.

జడ్చర్ల దర్జీ:
మా మసీదులో ప్రవక్త గారి సహచరుడు బిలాల్ గారి గురించి ఏటా వింటాం. బానిసగా బతికి విడుదలైన నల్లని మనిషికి తొలి అజాన్ ఇచ్చే గౌరవం దక్కిందని గర్వంగా చెప్పుకుంటాం. బయటికొచ్చాక దూదేకుల ఇంటికి పిల్లనివ్వాలంటే మాలోనే కొందరు వెనక్కి తగ్గుతారు. ఇంతకంటే నాకు చెప్పడానికేమీ లేదు.

గద్వాల వకీలు:
మాస్టారూ, మీ పాస్టరు గారి మౌనానికి పిరికితనం ఒక్కటే కారణం కాకపోవచ్చు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారిన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. మన రాష్ట్రంలో బీసీ-సి కింద ఒక శాతం కోటాయే మిగులుతుంది. అందుకే ఎందరో కాగితం మీద హిందువులు, ఆదివారం విశ్వాసులు. చర్చిలో కులం పేరెత్తితే ‘ఇంతకీ నీ సర్టిఫికెట్‌లో ఏముంది?’ అని ఎవరైనా అడుగుతారేమోనని భయం. మౌనానికి ఇది సమర్థన కాదు. కానీ ఈ భయం తెలియకుండా పాస్టరును నిలదీయడం తేలిక.

దేవరకొండ మాస్టారు:
నిజమే, దాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు. నా సంగతీ చెప్పాలి కదా. మా చర్చిలో మాలల వరుసలు, మాదిగల వరుసలు అని ఎవరూ రాసిపెట్టలేదు. అయినా ఎవరెక్కడ కూర్చుంటారో అందరికీ తెలుసు, నేను ఎక్కడ కూర్చుంటానో కూడా. పోయిన నెల మా అబ్బాయికి సంబంధాల కోసం ప్రకటన ఇచ్చాం. ‘క్రైస్తవ వధువు కావలెను’ అని రాసి, పక్కనే కులం కూడా వేయించాను. ఈ చర్చ మొదలుపెట్టేటప్పుడు అది నాకు గుర్తే రాలేదు.

కురుమూర్తి దారిన:
ఆ ప్రకటన ఇంకా ఉందా మాస్టారూ?

దేవరకొండ మాస్టారు:
ఉందమ్మా. ఆ మాట తీసేయిద్దామని రాత్రి మా ఇంటావిడతో అన్నాను. ఇంకా ఒప్పుకోలేదు.